పుస్తకమున మిగిలిన కత్తిసాము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో కవిత్వమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట మనకు వాడుక. నేను నేడు ఎన్నుకొన్న విషయము కత్తి. అదియు మన దేశపు కత్తి కాదు. నాలుగు వందల యేండ్లకు పూర్వము ఇటలీ దేశమున పెద్దమనుష్యుల నడుమున వ్రేలాడిన పొడవైన, సన్నని కత్తి. దానిని రేపియర్ అందురు. ఆ కత్తిని ప్రయోగించు విద్య గురుశిష్య పరంపరగా నేటికి రాలేదు, నడుమ తెగిపోయినది. తెగిపోయిన ఆ విద్యను కొందరు పాతపుస్తకములను ముందు పెట్టుకొని మరల నేర్చుకొనుచున్నారు. కలము తప్ప వేరొక ఆయుధమును పట్టని మనకు కత్తితో నేమి పని యని మీరడుగవచ్చును. కత్తితో పని లేదు; ఆ నేర్చుకొను పద్ధతితో మాత్రము మనకు చాల పని యున్నది. అది యెట్లో చివర మనవి చేయుదును.

పుస్తకమునందున్న విద్యయు, పరుల చేతియందున్న ధనమును అక్కరకు రావని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట అనుభవమునుండి పుట్టినది. ఈత గట్టున కూర్చుండి చదువుకొనిన వచ్చునది కాదు. ఆవకాయ కొలతలు కాగితముమీద వ్రాసియిచ్చినను, పాళ్ళు చేతికి తెలియవలెనని అమ్మమ్మలు నవ్వుదురు. చేతి విద్య చేతినుండి చేతికే పోవలెను. అయినచో, నేర్పు చేతులన్నియు మట్టిలో కలిసిపోయి, పుస్తకమొక్కటియే మిగిలినప్పుడు ఆ విద్య గతియేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రేపియర్ కథకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ముందు ఆయుధమును గూర్చి రెండు మాటలు. చలనచిత్రములలో ఈ కత్తిని బెత్తమువలె ఆడించుట చూచి, అది మిక్కిలి తేలికయైనదని అనుకొందురు. మ్యూజియములలోని అసలు కత్తులను తూచి చూడగా బరువు సుమారు ఒక కిలోగ్రాము. కొన్నిట అంతకు కొంత యధికము. అలుగు పొడవు సుమారు 100 నుండి 115 సెంటీమీటర్లు. పిడి చుట్టును వ్రేళ్ళకు రక్షణగా ఉక్కు కమ్ములో, గిన్నెవంటి రేకో ఉండును. దీనికి వాదర ఉన్నను ప్రధానమైనది మొన. వ్రేటుకంటె పోటునకే ఇది తగినది. నేటి ఫెన్సింగు క్రీడలో వాడు ఫాయిల్, సేబర్ అను కత్తులు 500 గ్రాములకును, ఎపే 770 గ్రాములకును మించరాదు. టోక్యో ఒలింపిక్ క్రీడలలో, 2021వ సంవత్సరమున, చెన్నపట్టణపు యువతి భవానీదేవి సేబర్ పోటీలో పాల్గొని, ఒలింపిక్సులో ఫెన్సింగు చేసిన తొలి భారతీయురాలైనది. ఆమె పట్టిన కత్తి రేపియర్ వంశమునకు దూరపు చుట్టము మాత్రమే.

మన దక్కనునకును ఆ కాలపు ఐరోపా కత్తులకును కొంత పరిచయము లేకపోలేదు. ఐరోపానుండి ఓడలలో వచ్చిన తిన్నని అలుగులకు మనవారు దేశవాళీ పిడులను తొడిగి, ఆ కత్తులకు ఫిరంగి యని పేరు పెట్టిరి. తెలుగున ఫిరంగి యనగానే మనకు గుండ్లు కురియు గొట్టమే స్ఫురించును. ఒకే మాట ఒకచోట కత్తియై, మరియొకచోట తుపాకికి పెద్దన్నయైనది.

ఇక గ్రంథముల సంగతి. ఐరోపాలో నేటికి నిలిచియున్న కత్తిసాము గ్రంథములలో మిక్కిలి పాతది ఇంగ్లండులోని లీడ్సు నగరమున, రాయల్ ఆర్మరీస్ అను ఆయుధ ప్రదర్శనశాలయందున్నది. అది ఐ.33 అను సంఖ్యతో ప్రసిద్ధము. సుమారు 1300 ప్రాంతమున జర్మనీలో లాటిను భాషలో వ్రాయబడినది. అందు ఒక పురోహితుడు శిష్యునకు కత్తిని, చిన్న డాలును ప్రయోగించుట నేర్పును. చివరి పుటలలో వాల్పుర్గిస్ అను స్త్రీ కూడ కత్తి పట్టి నిలుచును. ఈ పుస్తకము జర్మనీలోని గోథా నగర గ్రంథాలయమున ఉండి, రెండవ ప్రపంచ యుద్ధ కాలమున మాయమై, 1950లో లండనులో వేలమునకు వచ్చినది. ఆ వేలములోనే దానిని రాయల్ ఆర్మరీస్ వారు కొనిరి. ఆరు వందల యేండ్ల విద్య ఒక వేలపుపాటలో ఏ తెలియనివాని బీరువాకో చేరియున్నచో ఏమగునో ఊహించుకొనుడు.

రేపియరునకు దారి తీసిన గ్రంథము 1553లో రోము నగరమున అచ్చుపడినది. దానిని వ్రాసిన కామిల్లో అగ్రిప్ప కత్తిసాము గురువు కాడు, ఇంజనీరు. రోములోని సెయింట్ పీటరు చౌకునకు పెద్ద రాతి స్తంభమును తరలించు ఉపాయమును గూర్చియు ఆయన 1583లో ఒక పుస్తకము ప్రకటించెను. కత్తిసామును ఆయన రేఖాగణితముగా చూచెను. త్రిప్పి వేయు వ్రేటునకు వంకరదారి; పోటునకు తిన్నని దారి; తిన్నని దారి దగ్గరిది. గురువులు అంతకుముందు ఒక్కొక్క నిలుకడకు ఒక్కొక్క అలంకారపు పేరు పెట్టియుండగా, ఆయన వానిని నాలుగింటికి కుదించి ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ యని లెక్క పెట్టెను. ఒరనుండి కత్తిని దూసిన చేయి సహజముగా ఉండు స్థితియే ప్రథమ. అక్కడనుండి చేయి దిగుచు త్రిరుగుకొలది తక్కినవి యేర్పడును.

తరువాత 1606లో సాల్వటోర్ ఫాబ్రిస్ కోపెన్‌హేగెన్ నగరమున డెన్మార్కు రాజగు నాలుగవ క్రిస్టియనునకు అంకితముగా తన మహాగ్రంథమును ప్రకటించెను. 1610లో రిడోల్ఫో కాపో ఫెర్రో సియెనా నగరమున తన గ్రంథమును వెలువరించెను. ఆయన ఆ నగరములోని జర్మను విద్యార్థులకు సాము గురువు. స్పెయినులో కరాంజా, పచేకో అనువారును, హాలెండులో థిబో అనువాడును వృత్తములు, జ్యాలు గీచి అడుగులు వేయించిరి. ఈ క్రొత్త విద్య అందరకును నచ్చలేదు. ఇంగ్లండులో జార్జి సిల్వరు అనువాడు 1599లో ఒక పుస్తకము వ్రాసి, ఇటలీ గురువులు ఇద్దరు మనుష్యులను ఒకరినొకరు పొడుచుకొని చచ్చుటకు మాత్రమే నేర్పుచున్నారని మండిపడెను. షేక్స్పియరు కూడ రోమియో జూలియట్ నాటకమున మెర్కూషియో నోట ఈ ఇటలీ పరిభాషను ఎగతాళి చేయించెను.

కాలము మారినది. పదునెనిమిదవ శతాబ్దమునకు చిన్నకత్తి వాడుకకు వచ్చి, రేపియర్ మూల చేరినది. తరువాత తుపాకి వచ్చి కత్తినే మూల చేర్చినది. పందొమ్మిదవ శతాబ్దమున ఎగర్టన్ కాసిల్, ఆల్ఫ్రెడ్ హట్టన్ అను ఆంగ్లేయులు పాతగ్రంథములను దుమ్ము దులిపి, లండను వేదికలపై పూర్వపు సామును ప్రదర్శించిరి. కాసిల్ 1885లో వ్రాసిన చరిత్రయందు, మధ్యయుగపు కత్తియుద్ధము కేవలము మోటుబలమనియు, శాస్త్రము తరువాత తరువాతనే పుట్టినదనియు తలచెను. వారి తరము గడచిన పిదప ఆ ప్రయత్నము చల్లబడినది. 1990 తరువాత గ్రంథముల ఛాయాప్రతులు అందరకును అందుబాటునకు వచ్చుటతో మరల చిగిర్చినది. ఈ మారు పూర్వగ్రంథములను పంక్తి పంక్తిగా చదివినవారు, మధ్యయుగమునను సూక్ష్మమైన శాస్త్రముండెనని నిరూపించిరి.

ఇంతకును ఆ పుస్తకములలో నేమున్నది? మూడు సూత్రములు చెప్పిన చాలును.

మొదటిది బలము, బలహీనత. అలుగులో పిడికి దగ్గరి సగము బలమైనది. మొన వైపు సగము బలహీనమైనది. నీ బలభాగమును ఎదుటివాని బలహీనభాగముపై చేర్చినచో, వాడెంత మల్లుడైనను నీ కత్తిని త్రోయజాలడు. ఏతము త్రొక్కిన రైతునకు ఈ సూత్రము కొత్తది కాదు. కావున పోటునకు ముందే ఎదుటి కత్తిని ఇట్లు స్వాధీనము చేసికొనవలెను. కత్తికి కత్తి గట్టిగా తగులనక్కరలేదు. దారి మూసిన చాలును.

రెండవది దూరము. అడుగు ముందుకు వేసి పొడిచిన అందునది విశాల దూరము. పాదము కదల్పక మేను వంచినంతనే అందునది సంకుచిత దూరము. ఈ రెంటికి వెలుపల ఉన్నవాడు ఎంత ఆడంబరము చేసినను అది నృత్యమే గాని యుద్ధము కాదు. కత్తి పొడవు బాహువునకు రెండింతలుండవలెనని కాపో ఫెర్రో నిర్ణయించెను. ఆయన పటములలో ఒకదానియందు భుజము, మోకాలు, పాదము నిలుకడయందు ఎచ్చట నుండునో, పోటునందు ఎచ్చటకు చేరునో అక్షరములతో గుర్తింపబడినది.

మూడవది కాలము. గడియారపు కాలము కాదిది. ఎదుటివాడు చేయు ప్రతి కదలికయు ఒక కాలము. వాడు అడుగు వేయునప్పుడు, చేయి మార్చునప్పుడు, మొనను ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటించునప్పుడు, ఆ పని ముగియువరకు వేరొక పని చేయలేడు. ఆ రెప్పపాటు నీది. దూరమున లేనివాని కదలిక కాలము కాదు. దగ్గర నున్నవాని కదలికయే కాలము. మన సంగీత విద్వాంసులు దీనిని లయ యందురేమో!

సూత్రములు ఇంత సులభముగా నున్నను, పుస్తకమునుండి వానిని చేతికి తెచ్చుట దుర్లభము. మొదటి చిక్కు భాష. మన కార్యాలయములలో పూర్వాధికారి విడిచిపోయిన ఫైలును తెరచినవారందరును ఈ చిక్కు నెరుగుదురు. ‘యథాపూర్వము చర్య తీసికొనవలెను’ అని అందుండును. ఆ యథాపూర్వమేదో వ్రాసినవానికి తెలియును, నాటి గుమాస్తాకు తెలియును. ఇరువురును పింఛను తీసికొని వెళ్ళిపోయిరి. 1610 నాటి గ్రంథకర్తయు అట్లే. నాటి కుఱ్ఱవానికి కత్తి పట్టుకొనుట ఎట్లో తెలిసియే యుండునని తలచి, ఆ సంగతి ఒక్క మాటతో దాటవేయును. మనకు కావలసినదేమో అదే.

రెండవ చిక్కు కావలెనని చేసిన మరుగు. పదునాలుగవ శతాబ్దమున యోహానెస్ లీఖ్టెనావర్ అను జర్మను గురువు తన విద్యను పొడుపుకథలవంటి పద్యములలో దాచెను. తరువాతి గురువులు ఆ పద్యములకు వ్యాఖ్యలు వ్రాసియుండనిచో ఎవరికిని అర్థమై యుండెడివి కావు. సూత్రము, భాష్యము అను పద్ధతి మనకే గాదు, కత్తి పట్టినవారికిని ఉండెనన్నమాట.

మూడవది బొమ్మ. ఫాబ్రిస్, కాపో ఫెర్రో గ్రంథములలో కండరముల తీరు తెలియుటకై మనుష్యులను దిగంబరులనుగా చిత్రించిరి. కాని బొమ్మలు చాలవరకు చివరి క్షణమునే చూపును. ఒకని కత్తి వేరొకని మొగమున దిగియున్నది. అంతకు ముందు ఎవరు కదలిరి? ఎవరు పొరబడిరి? బొమ్మ చెప్పదు, ప్రక్కనున్న వాక్యము చెప్పును. ఒకడు రెండవవాని కత్తిని లోప్రక్క మూసెను. రెండవవాడు దారి దొరకక, మొనను క్రిందుగా వెలిప్రక్కకు దాటించి పొడువబోయెను. దాటించు ఆ కాలమున మొదటివాడు చేతిని ద్వితీయ స్థితికి త్రిప్పి, వెలిప్రక్కను బలభాగముతో మూయుచునే పొడిచెను. అడ్డుకొనుట, పొడుచుట అను రెండు పనులు ఒక్క కదలికలో ముగిసినవి. ఈ వాక్యమును వదలి బొమ్మను మాత్రము అనుకరించినవాడు విగ్రహమువలె నిలుచును, సాము రాదు.

ఈ చిక్కులను విప్పుటకు నేటి సాధకులు అనుసరించు పద్ధతి మనము గమనింపదగినది. మొదట మూలమును అనువదింతురు. తరువాత ఒక వాక్యమునకు ఒక అర్థమును ఊహింతురు. ఆ ఊహను జతగానితో మెల్లగా, నిమిషమునకొక అడుగు చొప్పున చేసి చూతురు. జాలిముసుగు, కంఠరక్షణ, తోలు చేతొడుగులు ధరించి, మొన మొద్దుచేసిన కత్తులు పట్టి, క్రమముగా వేగము పెంతురు. చివరకు జతగాడు సహకరింపక ఎదిరించునప్పుడు ఆ క్రియ నిలుచునో లేదో పరీక్షింతురు. నిలువనిచో గ్రంథకర్తను నిందింపరు. మరల మూలమునకు పోయి చదువుదురు. గ్రంథము చెప్పిన పనికి అధిక బలమో, అధిక వేగమో అవసరమైనచో, తమ పఠనమున ఎక్కడనో లోపమున్నదని సందేహింతురు. కత్తి బరువు, తూనిక అసలుదానితో సరిపోవుట కూడ ముఖ్యమే. 500 గ్రాముల క్రీడాకత్తితో కిలోగ్రాము కత్తి విద్యను పరీక్షించుట, సజ్జబస్తా మోతను దూదిబస్తాతో అభ్యసించుటవంటిది.

ఇట్లు సాధించినది అచ్చముగా కాపో ఫెర్రో నేర్పిన విద్యయేనా? ఈ ప్రశ్నను ఆ సాధకులే వేసికొందురు. ఆయన వచ్చి చూచి తల యూపువరకు ఎవ్వరును ప్రమాణము చేయలేరు. కావున వారిలో ఉత్తములు మూడింటిని వేరువేరుగా ఉంతురు: మూలము చెప్పినది, మూలమునుండి మనము ఊహించినది, అవసరమునకు మనము చేర్చినది. రికార్డు, అభిప్రాయము, ప్రతిపాదన అని మనము నోటులో విడదీసి వ్రాయునట్లే. ఈ మూడును కలిపివేసినవాడు విద్యను బ్రతికించినట్లు కనిపించును గాని, చరిత్రను చంపును.

ఇక నా అసలు మనవి. మన దేశమునను కత్తిసాము శాస్త్రముండెను. అగ్నిపురాణమునందలి ధనుర్వేద భాగమున కత్తి, డాలు పట్టి చేయు ముప్పదిరెండు గతులు పేర్కొనబడినవి. భ్రాంతము, ఉద్భ్రాంతము, ఆవిద్ధము, ఆప్లుతము అని ఆ పట్టిక మొదలగును. ఎంత సొంపైన పేర్లు! కాని పాదమెచ్చట, మొన యే దిక్కున, ఎదుటివాడు ఏమి చేయుచుండగా ఇది చేయవలెను అను సంగతి ఆ పట్టికలో లేదు. నాడు గురువుండెను గనుక పేరు చాలినది. నేడు గురువు లేడు గనుక పేరొక్కటియే మిగిలినది. ఇటలీవారి పుస్తకము మేల్కొన్నది. మన పట్టిక నిద్రించుచున్నది. తేడా శౌర్యమునందు లేదు, వ్రాతయందున్నది.

అట్లని నిరాశ పడనక్కరలేదు. మనవారు సాధించిన కార్యమొకటి కన్నుల ముందున్నది. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని పదుమూడవ శతాబ్దమున నృత్తరత్నావళి యను సంస్కృత గ్రంథమును రచించెను. అందు పేరిణి యను వీరనృత్యము వర్ణింపబడినది. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు కట్టించిన రామప్ప దేవాలయమున నర్తకుల శిల్పములున్నవి. ఆ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వపు పట్టికకు ఎక్కినది. నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథమును చదివి, ఆ శిల్పములను పరికించి, శిష్యుల దేహములతో పరీక్షించి, మరుగుపడిన పేరిణికి మరల రూపు దిద్దిరి. గ్రంథము మాట చెప్పినది. శిల్పము భంగిమ చూపినది. దేహము ఆ రెంటిని కలిపినది. రేపియర్ సాధకులు చేయుచున్నదియు సరిగా ఇదియే.

మన పల్లెలలో నేటికిని కర్రసాము తెలిసిన పెద్దలున్నారు. పండుగ ఊరేగింపులలో గరిడీవారు కర్ర త్రిప్పగా మనలో చాలమంది చిన్ననాట నోరు తెరచుకొని చూచినవారమే. సెలవులకు స్వగ్రామములకు పోయినప్పుడు మన పిల్లలు ఫోనులో వీడియో తీసికొని వత్తురు. మంచిదే. కాని కాపో ఫెర్రో బొమ్మ యేమి చెప్పలేదో, వీడియో కూడ దానిని చెప్పదు. చేయి ఎట్లు తిరిగెనో కనిపించును; ఎందుకు తిరిగెనో కనిపించదు. కావున తీసినవారు ప్రక్కన కూర్చుండి, ‘తాతా, ఇక్కడ అడుగు వెనుకకు ఏల వేసితివి? ఎదుటివాడు దగ్గర నున్నచో ఏమి చేయుదువు? ఈ దెబ్బకు మీ ఊరిలో ఏమి పేరు? నేర్చుకొనువారు మొదట ఎచ్చట తప్పుదురు?’ అని అడిగి, ఆయన మాటలలోనే వ్రాసికొనవలెను. దూరము, కాలము, కారణము అను మూడును వ్రాతలోనికి వచ్చినచో, మూడు వందల యేండ్లకైనను ఎవరో ఒకరు దానిని చదివి లేచి నిలువగలరు.

కర్రసాము ఒక్కటియే కాదు. మగ్గముపై పడుగు సరిదిద్దు చేయి, తోలుబొమ్మకు రంగు వేయు చేయి, చద్దికుండలో ఊరగాయ కలుపు చేయి, ఇవన్నియు ఇప్పటికింకను వెచ్చగా నున్న చేతులే. స్వస్థలమునకు దూరముగా, బదిలీలపై ఊరూరు తిరుగు మనబోటివారి యిండ్లలో పరంపర తొందరగా తెగును. తండ్రి ఒక రాష్ట్రమున, తాత ఒక రాష్ట్రమున, మనుమడు మరియొక దేశమున. మనకు వ్రాయుట వృత్తి. ఆ వృత్తినే ఇందుకు కొంత వినియోగింపుడని నా ప్రార్థన.

పెద్దల సామెత అబద్ధము కాదు. పుస్తకమునందలి విద్య అక్కరకు వెంటనే రాదు. కాని చక్కగా వ్రాసిన పుస్తకము పరుల చేతి ధనము కాక, మనుమల పేర దాచిన ధనమగును. వడ్డీ ఆలస్యముగా వచ్చినను, మొదలు పోదు.